కేంద్రకం ఉందా, లేదా అన్నది సగం ప్రశ్నే

కేంద్రకపూర్వ కణానికీ నిజకేంద్రక కణానికీ తేడాలు చెప్పే పట్టిక లేని జీవశాస్త్ర పాఠ్యపుస్తకం దాదాపు ఉండదు. హైస్కూల్లో మొదలై ఇంటర్ దాకా అదే పట్టిక కొద్దికొద్దిగా పొడుగవుతూ వస్తుంది. ఎడమ గడిలో బాక్టీరియా, కుడి గడిలో మొక్కలూ జంతువులూ శిలీంధ్రాలూ. కేంద్రకం లేదు, ఉంది. త్వచం కప్పిన కణాంగాలు లేవు, ఉన్నాయి. డీఎన్ఏ వలయంలా ఉంటుంది, పోగుల్లా ఉంటుంది. రైబోసోములు 70ఎస్, 80ఎస్. కణం చిన్నది, పెద్దది. ఈ అయిదూ కంఠతా పట్టి పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. పట్టికలో ఉన్నవి చాలావరకు నిజాలే. కాని దాన్ని చదివిన పిల్లల మనసులో మిగిలే బొమ్మ వేరు: బాక్టీరియా అంటే ఇంకా పూర్తికాని కణం, మనది పూర్తయిన కణం. ఆ బొమ్మ తప్పు. ఈ రెండు రకాల కణాలూ జన్యువును వాడుకునే పద్ధతిలోనే అసలు తేడా ఉంది. ఆ పద్ధతులు ఏర్పడిన చరిత్రలో ఉంది. పాఠం అక్కణ్ణుంచి మొదలుపెడితే పట్టికలోని గడుల్లో ఏది ముఖ్యమో, ఏది కాదో, ఏది ఎందుకలా ఉందో విద్యార్థి తనే చెప్పగలుగుతాడు.

లేనివాటి జాబితాతో బాక్టీరియాను నిర్వచించే అలవాటుకు కారణముంది. ఫ్రెంచి జీవశాస్త్రవేత్త ఎడ్వార్ షాటన్ ఈ విభజనకు 1925లోనే పేర్లు పెట్టాడు గాని, చాలాకాలం వాటిని ఎవరూ పట్టించుకోలేదు. 1962లో రోజర్ స్టేనియర్, వాన్ నీల్ కలిసి బాక్టీరియా అంటే ఏమిటో తేల్చి చెప్పాలని పూనుకున్నప్పుడు అవి మళ్ళీ వాడుకలోకి వచ్చాయి. అప్పటికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చింది. కణాన్ని పల్చటి పొరలుగా కోసి చూస్తే కాలేయ కణంలో అరలు అరలుగా త్వచాలు కనిపించాయి, బాక్టీరియాలో కనిపించలేదు. కనిపించనివన్నీ కలిసి నిర్వచనమయ్యాయి. ఆనాటి పరికరాలతో అంతకంటే నిజాయితీగా చెప్పడం కష్టం. ఏ ప్రోటీన్ బాక్టీరియాలో ఏ మూల ఉందో చూపగల పద్ధతులు మరో మూడు దశాబ్దాలకు గాని చేతికి రాలేదు. వచ్చాక మాత్రం కొన్ని వాక్యాలు కొట్టేయాల్సి వచ్చింది. బాక్టీరియాకు కణ అస్థిపంజరం లేదన్నది అలాంటి వాక్యమే. బాక్టీరియా రెండుగా చీలే చోట ఎఫ్‌టీఎస్‌జెడ్ అనే ప్రోటీన్ ఉంగరంలా పేరుకుంటుందని 1991లో తేలింది. అది మన కణాల్లోని ట్యూబులిన్‌కు దగ్గరి బంధువని తర్వాత తెలిసింది. ఆక్టిన్‌కు కూడా అక్కడ బంధువు దొరికింది.

మిగతా గడులూ ఇంతే. కణం పరిమాణం తీసుకుందాం. ఫ్రాన్స్ దక్షిణ తీరాన థో అనే ఉప్పునీటి సరస్సులో 1994లో గుర్తించిన ఆస్ట్రియోకాకస్ టారీ అనే శైవలం కణం సుమారు 0.8 మైక్రోమీటర్లు. మన పేగుల్లో ఉండే ఈ.కోలై బాక్టీరియా దానికంటే పొడుగు. అంత చిన్న శైవలంలోనూ కేంద్రకం, మైటోకాండ్రియా, హరితరేణువు ఇమిడి ఉన్నాయి. డీఎన్ఏ ఆకారం చూద్దామంటే, స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియాకు ఉన్నది వలయం కాదు, రెండు కొసలున్న పోగు. కలరా బాక్టీరియాకు క్రోమోజోములు రెండు. కేంద్రకం గడి కూడా పైకి కనిపించినంత సూటిగా లేదు: మన రక్తనాళాల్లో తిరిగే పరిణత ఎర్రరక్తకణానికి కేంద్రకం ఉండదు, అయినా దాన్ని బాక్టీరియాతో జతకట్టాలని ఎవరూ అనరు. అంటే మనం లెక్కలోకి తీసుకుంటున్నది ఈ క్షణంలో కణంలో ఏముందన్నది కాదు, ఆ కణం ఏ వంశంలోంచి, ఏ దారిలో వచ్చిందన్నది.

ఈ పట్టికకు అన్నిటికంటే గట్టి పరీక్ష 2022లో ఎదురైంది. కరీబియన్ దీవి గ్వాడెలూప్ మడ అడవుల్లో, నీళ్ళలో కుళ్ళుతున్న ఆకుల మీద, తెల్లటి దారపు ముక్కల్లా కంటికి కనిపించే జీవులు దొరికాయి. ఒక్కొక్కటీ ఒకే కణం. కొన్ని 2 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. పేరు థయోమార్గరీటా మాగ్నిఫికా. ఇది బాక్టీరియా. అంతేకాదు, దాని డీఎన్ఏ కణద్రవ్యంలో విడిగా తేలడం లేదు, త్వచం కప్పిన చిన్న చిన్న సంచుల్లో భద్రంగా ఉంది. పట్టిక ప్రకారం చూస్తే రెండు ముఖ్యమైన గడుల్లో అది కుడివైపుకు దాటిపోయింది. మరి దాన్ని బాక్టీరియా అని ఎలా అంటారు? జన్యు అక్షరక్రమం చెప్పే వంశావళి ఒక సాక్ష్యం. రెండోది ఇంకా ఆసక్తికరం: ఆ సంచుల్లో డీఎన్ఏతో పాటు రైబోసోములు కూడా ఉన్నాయి. గోడ కట్టుకున్నా, జన్యువునూ దాన్ని చదివి ప్రోటీన్ తయారుచేసే యంత్రాన్నీ అది విడదీయలేదు. నిజకేంద్రక కణంలో కేంద్రకం గోడ చేసే పని సరిగ్గా ఆ విడదీయడమే.

బాక్టీరియాలో జన్యువు పనిచేసే తీరును 1970లో ఆస్కార్ మిల్లర్, సహచరులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఫొటో తీశారు. ఈ.కోలై డీఎన్ఏ సన్నటి గీతలా ఉంది. దాని మీంచి ఆర్ఎన్ఏ కొమ్మలు పక్కకు పెరుగుతున్నాయి. ఒక్కో కొమ్మ నిండా రైబోసోములు పూసల్లా గుచ్చుకొని ఉన్నాయి. అంటే ఆర్ఎన్ఏ నకలు రాయడం ఇంకా పూర్తికాకముందే, రాసినంత మేరకు ప్రోటీన్ తయారైపోతోంది. ఈ.కోలైలో ఆర్ఎన్ఏ రాసే ఎంజైము సెకనుకు సుమారు 45 అక్షరాలు రాస్తుంది. వెనకే వచ్చే రైబోసోము సెకనుకు 15 చొప్పున అమైనో ఆమ్లాలు కూరుస్తుంది. ఒక్కో అమైనో ఆమ్లానికి మూడు అక్షరాలు కాబట్టి రెండు వేగాలూ సరిపోతాయి. టిఫిన్ బండి దగ్గర పెనం మీది దోసె నేరుగా ప్లేటులోకి దిగినట్టు, ఇక్కడ వండటానికీ వడ్డించటానికీ మధ్య గోడ లేదు, వేచి ఉండటం లేదు. చక్కెర దొరికిన నిమిషాల్లోనే దాన్ని జీర్ణించే ఎంజైములు సిద్ధమవుతాయి. ఇదే వేగం విభజనలోనూ కనిపిస్తుంది. తన డీఎన్ఏ మొత్తాన్ని నకలు చేయడానికి ఈ.కోలైకి దాదాపు 40 నిమిషాలు కావాలి, కాని తిండి పుష్కలంగా ఉంటే 20 నిమిషాలకోసారి రెండవుతుంది. మొదటి నకలు ముగియకముందే రెండోది, మూడోది మొదలుపెట్టడం వల్లే అది సాధ్యం. ఏదో లేకపోవడం వల్ల మిగిలిపోయిన జీవి చేసే పని కాదిది. అన్నీ ఏకకాలంలో జరిపించడం అనే పద్ధతికి అది కోట్ల తరాలుగా పదునుపెట్టుకున్న రూపం.

ఇప్పుడు మన కణం. మన కండరాలకు అవసరమైన డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ జన్యువు పొడవు సుమారు 22 లక్షల అక్షరాలు. దాన్ని ఒక్కసారి ఆర్ఎన్ఏగా రాయడానికే దాదాపు 16 గంటలు పడుతుంది. రాసిన దాంట్లో చివరికి పనికొచ్చేది 14,000 అక్షరాలు మాత్రమే. 79 ముక్కలుగా చెల్లాచెదురుగా ఉన్న ఆ భాగాన్ని ఏరి, మధ్యలోని ఇంట్రాన్లన్నిటినీ కత్తిరించి, అతికించాలి. ఇలాంటి మధ్య ముక్కలు జన్యువుల్లో ఉంటాయని 1977లో రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్ విడివిడిగా కనుక్కున్నారు. ఇంత కత్తిరింపు పని మిగిలి ఉన్న ఆర్ఎన్ఏకు ఒక రైబోసోము తొందరపడి తగులుకుంటే అర్థంలేని ప్రోటీన్ తయారవుతుంది. అందుకే ప్రోటీన్ తయారీ కేంద్రకం బయట జరుగుతుంది. కత్తిరింపు ముగిసిన ఆర్ఎన్ఏ మాత్రమే గోడలోని రంధ్రాల గుండా బయటికొస్తుంది. కేంద్రకం డీఎన్ఏను దాచుకునే పెట్టె అని పిల్లలకు చెబుతుంటాం. అది అంతకంటే ముఖ్యంగా ఆలస్యాన్ని పుట్టించే ఏర్పాటు. ఆ ఆలస్యంలోనే మన కణానికి వెసులుబాటు దొరికింది: అదే ఆర్ఎన్ఏను వేర్వేరు కణజాలాల్లో వేర్వేరుగా కత్తిరించి, ఒకే జన్యువు నుంచి రకరకాల ప్రోటీన్లు చేసుకోవచ్చు. మూల్యం కూడా ఉంది. 20 నిమిషాల్లో రెండయ్యే మానవకణం ఏదీ లేదు. విలియం మార్టిన్, యూజీన్ కూనిన్ 2006లో ఒక అడుగు ముందుకెళ్ళి, ఇంట్రాన్ల దాడిని తట్టుకోవడానికే కేంద్రకం గోడ పుట్టి ఉంటుందని ప్రతిపాదించారు. అది ఇంకా ప్రతిపాదనే. అయినా కేంద్రకం ఎందుకు అన్న ప్రశ్నను పాఠంలోకి తెచ్చింది కనుక దాని విలువ తగ్గదు.

పనితీరులోని ఈ తేడాకూ మినహాయింపులు లేవా అని అడగవచ్చు, న్యాయమైన ప్రశ్నే. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియాలో ఆర్ఎన్ఏ రాసే ఎంజైము రైబోసోము కంటే చాలా ముందుకు పరుగెత్తిపోతుందని 2020లో తేలింది. ఈ.కోలైలో ఉన్నంత జంట నడక అన్నిచోట్లా లేదన్న మాట. కాని గమనించాల్సింది ఏమిటంటే, అక్కడ కూడా రైబోసోమును ఆపే గోడ లేదు, కేంద్రకం విధించే ఆలస్యం లేదు. వేగాలు మారాయి, పద్ధతి మారలేదు. పరిమాణం గడిలోనో, డీఎన్ఏ ఆకారం గడిలోనో మినహాయింపు వస్తే ఆ గడే కూలిపోతుంది. ఇక్కడ మినహాయింపు వస్తే గడి మరింత స్పష్టమవుతుంది. మంచి నిర్వచనానికీ గుర్తుల జాబితాకీ ఉన్న తేడా ఇదే.

రైబోసోముల గడి దగ్గర పాఠం ఇంకా లోతుకు వెళ్ళాలి, ఎందుకంటే పట్టికలోని గీత మన శరీరంలోపలికి వచ్చేది అక్కడే. 70ఎస్, 80ఎస్ అన్న అంకెలు అపకేంద్ర యంత్రంలో ఆ రేణువులు అడుగుకు చేరే వేగాన్ని చెబుతాయి. బాక్టీరియాకు 70ఎస్, మనకు 80ఎస్ అని రాసి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. మన మైటోకాండ్రియాలో వాటి సొంత రైబోసోములు ఉన్నాయి. అవి బాక్టీరియా వంశానివి. మనిషిలో అవి కాలక్రమంలో మారి 55ఎస్ అయ్యాయి గాని పుట్టుక మారలేదు. మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ కూడా ఉంది: 16,569 అక్షరాల వలయం, అందులో 37 జన్యువులు. 1981లో కేంబ్రిడ్జిలో దాన్ని పూర్తిగా చదివారు. ఈ కణాంగాలు ఒకప్పుడు స్వతంత్ర బాక్టీరియా అని, మరో కణం లోపల చేరి స్థిరపడ్డాయని 1967లో లిన్ మార్గులిస్ వాదించారు. సుమారు 15 పత్రికలు తిప్పి పంపాక గాని ఆ వ్యాసం అచ్చుకు నోచుకోలేదు. తర్వాత రైబోసోము ఆర్ఎన్ఏ అక్షరక్రమాలు పోల్చి చూస్తే హరితరేణువులు సయనోబాక్టీరియా పక్కన, మైటోకాండ్రియా ఆల్ఫా ప్రోటియోబాక్టీరియా పక్కన చేరాయి. వాదం సాక్ష్యంగా మారింది. కాబట్టి నిజకేంద్రక కణం అంటే బాక్టీరియా ఎదిగి ఎదిగి చేరుకున్న మెట్టు కాదు. కనీసం రెండు వేర్వేరు వంశాలు కలిసిపోయి ఒకటైన కణం.

ఇది పుస్తకాలకే పరిమితమైన సంగతి అనుకుంటే మందుల దుకాణం వైపు చూడాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పని ఈ గీతకు రెండు వైపులనూ తాకింది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1929లో ఏటీపీని ప్రకటించారు. మన కణాల్లో ఆ ఏటీపీలో అధికభాగం తయారయ్యేది మైటోకాండ్రియాలోనే. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలో, అక్కడే బెంజమిన్ డగ్గర్ ఒక మట్టి బాక్టీరియా నుంచి ఆరియోమైసిన్ తీశాడు. అది 1948లో లోకానికి తెలిసింది, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. ఈ మందులు బాక్టీరియా రైబోసోములోని 30ఎస్ భాగానికి అతుక్కొని ప్రోటీన్ తయారీని ఆపేస్తాయి. మన 80ఎస్ రైబోసోము మీద వాటి పట్టు బలహీనం. పట్టికలో ఒక మార్కు విలువచేసే ఆ గడి మీదే ఒక మందుల కుటుంబం మొత్తం నిలబడి ఉంది.

అయితే గీత మనలోపలికి వచ్చింది కనుక, మందు కూడా వస్తుంది. మందులకు లొంగని క్షయకు వాడే లినెజోలిడ్ బాక్టీరియా రైబోసోమును ఆపుతుంది. నెలల తరబడి వాడితే మైటోకాండ్రియా రైబోసోములూ దెబ్బతిని రక్తహీనత, పాదాల తిమ్మిర్లు రావచ్చు. అందుకే ఆ రోగులకు తరచు రక్తపరీక్షలు చేస్తారు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటి మందులతో కొన్ని కుటుంబాల్లో తల్లి వైపు నుంచి చెవుడు రావడానికి కారణం 1993లో దొరికింది. మైటోకాండ్రియా డీఎన్ఏలో 1555వ స్థానంలో ఒక్క అక్షరం మారడంతో అక్కడి రైబోసోము రూపం బాక్టీరియా రైబోసోముకు మరింత దగ్గరైంది, మందు దాన్ని పట్టుకుంది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కనుక ఈ లోపమూ తల్లి నుంచే వస్తుంది. రెండు రకాల కణాల తేడా తెలిస్తే చాలదు, ఆ తేడా ఎక్కడ చెరిగిపోతుందో తెలియాలి అనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ వెతకనక్కరలేదు.

మలేరియా ఈ వాదనకు మరో సాక్ష్యం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ పరాన్నజీవి ప్లాస్మోడియం మనలాగే నిజకేంద్రక జీవి. పట్టిక ప్రకారం బాక్టీరియా మందులు దాని మీద పనిచేయకూడదు. కాని టెట్రాసైక్లిన్ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్‌ను మలేరియా ఉన్న ప్రాంతాలకు వెళ్ళేవారు ముందు జాగ్రత్తగా వేసుకుంటారు, అది పనిచేస్తుంది. కారణం 1990లలో బయటపడింది. ప్లాస్మోడియం పూర్వీకుడొకటి ఎప్పుడో ఒక ఎర్ర శైవలాన్ని మింగి లోపలే ఉంచుకుంది. ఆ శైవలం నుంచి వచ్చిన హరితరేణువు అవశేషం ఇప్పటికీ పరాన్నజీవిలో ఉంది. దాన్ని ఏపికోప్లాస్ట్ అంటారు. చుట్టూ నాలుగు త్వచాలు, లోపల సుమారు 35,000 అక్షరాల డీఎన్ఏ వలయం, బాక్టీరియా తరహా రైబోసోములు. వెలుతురు ఎరగని ఆ జీవిలో అది కిరణజన్య సంయోగక్రియ చేయదు గాని, పరాన్నజీవికి అత్యవసరమైన కొన్ని కొవ్వు సంబంధ పదార్థాలకు ముడిసరుకు అందిస్తుంది. డాక్సీసైక్లిన్ దెబ్బ తగిలేది అక్కడ. మందు తగిలిన పరాన్నజీవి వెంటనే చావదు, దాని తర్వాతి తరం చస్తుంది. అందుకే జ్వరం వచ్చాక చికిత్సకు దీన్ని ఒంటరిగా వాడరు, వేగంగా పనిచేసే మరో మందుతో కలిపి ఇస్తారు. ఇదంతా పట్టికతో ఊహించలేం. చరిత్ర తెలిస్తే ఊహించగలం.

శాస్త్రవేత్తల వైపు నుంచి ఒక బలమైన అభ్యంతరం ఉంది. అసలు కేంద్రకపూర్వ జీవులు అనే వర్గమే లేదు, ఆ విభజనను పాఠాల్లోంచి తీసేయాలి అని నార్మన్ పేస్ 2006లో గట్టిగా వాదించాడు. దానికి మూలం 1977లో కార్ల్ వోజ్, జార్జ్ ఫాక్స్ చేసిన పని. రైబోసోము ఆర్ఎన్ఏను పోల్చి, బాక్టీరియా అనుకుంటున్న వాటిలో ఒక గుంపు బాక్టీరియాకు ఎంత దూరమో మనకూ అంత దూరంగా ఉందని వాళ్ళు చూపించారు. అవే ఆర్కియా. వాటికి కేంద్రకం లేదు, కాని ఆర్ఎన్ఏ రాసే ఎంజైము బాక్టీరియాది కంటే మనదాన్ని ఎక్కువగా పోలి ఉంటుంది. 2015లో నార్వేకూ గ్రీన్‌లాండ్‌కూ మధ్య సముద్రగర్భపు బురదలో డీఎన్ఏ రూపంలో దొరికిన లోకీఆర్కియాలో ఆక్టిన్ వంటి, మనకే ప్రత్యేకమనుకున్న ప్రోటీన్ల జన్యువులున్నాయి. వాటి బంధువునొకదాన్ని జపాన్ పరిశోధకులు 12 ఏళ్ళు ఓపికపట్టి పెంచి 2020లో వివరించారు. అది రెండవడానికి రెండు మూడు వారాలు తీసుకునే బుల్లి కణం, చుట్టూ పొడుగాటి చేతుల వంటి పోగులు. మైటోకాండ్రియా పూర్వీకుడికి ఆతిథ్యమిచ్చిన కణం ఇలాంటి వంశానిదేనని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. కనుక వంశవృక్షంగా చూస్తే పేస్ చెప్పింది నిజమే. కేంద్రకం లేని జీవులన్నీ ఒక కుటుంబం కాదు. కాని పనితీరుగా చూస్తే విభజన నిలుస్తుంది. బాక్టీరియా, ఆర్కియా రెండింటిలోనూ జన్యువుకూ రైబోసోముకూ మధ్య గోడ లేదు. ఆ విభజన కణం పనిచేసే తీరుకు పేరని, వంశానికి పేరు కాదని ఒక్క వాక్యం అదనంగా చెబితే సరిపోతుంది. తీసేయడం కంటే అది మేలు.

ఉపాధ్యాయుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం వేరు: పద్నాలుగేళ్ళ పిల్లలకు ఇంత అవసరమా, పరీక్షకు పట్టిక చాలదా? పట్టిక గుర్తుపెట్టుకోవడం సులువే, కాని అది ఎక్కువకాలం గుర్తుండదు; కారణం తెలియని జాబితా పరీక్ష మర్నాడే చెదిరిపోతుంది. కారణం చెప్పడానికి పట్టేది మరో పీరియడు. ఇడ్లీ పిండి చుక్క ఒకటి నీళ్ళలో పలచబరిచి, మెథిలీన్ బ్లూ వేసి, బడిలోని సూక్ష్మదర్శినిలో ఎక్కువ ఆవర్ధనం కింద చూస్తే పిండి రేణువుల మధ్య చుక్కల్లా, గొలుసుల్లా లాక్టిక్ బాక్టీరియా కనిపిస్తాయి. వెతికితే వాటికి నాలుగైదు రెట్లు పెద్దవైన ఈస్టు కణాలూ దొరకవచ్చు. రెండు రకాల కణాలూ ఒకే గిన్నెలో ఒకే పిండిని పులియబెడుతున్నాయి. ఏది ముందుగా రెండవుతుంది, ఎందుకు అని అడిగితే పాఠం మొదలైనట్టే. పరీక్షలో కూడా తేడాలు రాయమనడానికి బదులు, డాక్సీసైక్లిన్ మలేరియా మీద ఎందుకు పనిచేస్తుందని అడగవచ్చు. దానికి జవాబు రాయగలిగిన విద్యార్థికి పట్టిక ఎలాగూ వచ్చి ఉంటుంది. పట్టిక వచ్చినవాడికి ఆ జవాబు రాదు.

వాతావరణంలోని నైట్రోజన్‌ను స్థిరీకరించడం కేంద్రకపూర్వ జీవులకే సాధ్యమన్న గడి చాలా పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. బ్రారుడోస్ఫీరా అనే సముద్ర శైవలం లోపల ఆ పని జరుగుతోందని ముందే తెలుసు, కాని చేస్తున్నది దానితో సహజీవనం చేసే సయనోబాక్టీరియా అనుకున్నారు. అది ఆతిథ్య కణంతో పాటే, అదే లయలో విభజన చెందుతోందని, ఆ కణం కేంద్రకం ఆదేశంతో తయారైన ప్రోటీన్లను లోపలికి తీసుకుంటోందని 2024 ఏప్రిల్‌లో జొనాథన్ జెర్ బృందం చూపింది. దాన్ని ఇక బాక్టీరియాగా కాక కణాంగంగా లెక్కించాలని వాళ్ళు దానికి నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు. సొంత డీఎన్ఏ, సొంత రైబోసోములు, బయటి నుంచి వచ్చే ప్రోటీన్లు: మైటోకాండ్రియా పాఠం సరిగ్గా చదివిన విద్యార్థి ఈ మూడు ఆధారాలనూ తూచి, అది కణాంగమో కాదో తన వాదన తనే రాయగలడు, పుస్తకంలోని ఆ గడిని తనే దిద్దగలడు.